కవాటం మార్చిన చోట ఉన్న శ్రద్ధ మందుల కౌంటరు దాకా రాలేదు

గత నవంబరులో విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా చెల్లెలికి గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం (వాల్వు) తీసి కృత్రిమ కవాటం అమర్చారు. చేరిన రోజు నుంచి డిశ్చార్జి దాకా పదకొండు రోజులు నేనే దగ్గరున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. నేను చూసిన లోపాన్ని వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేశాను, దాన్ని సరిదిద్దుకోవడానికి వాళ్లకు కొంత వ్యవధి ఇవ్వడం న్యాయమని నాకు అనిపించింది. ఇంటర్మీడియట్ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నదాన్ని కనుక, అక్కడ రెండు వేర్వేరు చోట్ల విన్న ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ (ఆక్సీకరణ వల్ల కణాలపై పడే ఒత్తిడి) అనే మాటను తేలికగా వదిలేయలేకపోయాను. ఆపరేషన్ థియేటరులో ఆ మాటకు అర్థం తెలిసి పనిచేశారు. కింది అంతస్తులోని మందుల కౌంటరు దగ్గర అదే మాట చెప్పి మాకు ఒక సీసా అమ్మారు. నా సమీక్ష అంతా ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే.

చెల్లెలి వయసు 38. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరం ఆమె కవాటాన్ని పాడుచేసింది. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాపై శరీరం చేసే పోరాటం దారితప్పి గుండె కవాటాల మీదకు మళ్లడం ఈ జబ్బు స్వభావం. మళ్లీ జ్వరం రాకుండా మూడు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను పెళ్లయ్యాక మానేసింది. పట్టించుకోవలసిన మేమూ పట్టించుకోలేదు. రెండో కాన్పు తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. కింగ్ జార్జి ఆసుపత్రి (కె.జి.హెచ్.)లో ఎకో అనే గుండె స్కానింగు తీయిస్తే కవాటం తెరుచుకునే వైశాల్యం 0.9 చదరపు సెంటీమీటర్లని తేలింది. ఆరోగ్యవంతుల్లో అది నాలుగు నుంచి ఆరు దాకా ఉంటుంది. కవాటం సున్నం పట్టి గట్టిపడి ఉండడం వల్ల బెలూన్‌తో విప్పడం కుదరదని, మార్చడమే మార్గమని చెప్పారు.

ఏ కవాటం పెట్టాలన్న చర్చకు సర్జన్ గారు మాకు నలభై నిమిషాలు కేటాయించారు. ఈ సేవలో నేను మొదట మెచ్చుకోవలసింది ఇదే. జంతు కణజాలంతో చేసిన కవాటమైతే రక్తం పలచబరిచే మందు కొన్ని నెలలు వాడితే సాధారణంగా సరిపోతుంది కానీ, ఆమె వయసువారిలో అది త్వరగా అరిగిపోయి మరో ఆపరేషన్ అవసరం కావచ్చు. యాంత్రిక కవాటమైతే చాలాకాలం మన్నుతుంది కానీ, మందు జీవితాంతం మానకూడదు. పిల్లలింకా కావాలనుకుంటున్నారా అని ఆమెను విడిగా కూర్చోబెట్టి అడిగారు. ఆ మందు గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కాబట్టి ఆ ప్రశ్న అడగడం తప్పనిసరి. మా తరఫున నేను జవాబు చెప్పబోతే, “ఆమెను చెప్పనివ్వండమ్మా” అని మృదువుగా ఆపారు. ఆమె యాంత్రిక కవాటమే ఎంచుకుంది. మనవాళ్లు దీన్ని మెటల్ వాల్వు అంటారు కానీ, లోపల తెరుచుకుని మూసుకునే రెండు రెక్కలూ పైరోలిటిక్ కార్బన్ అనే ఒక రకం కర్బనంతో చేసినవి. సర్జన్ గారు నమూనా కవాటాన్ని ఆమె అరచేతిలో పెట్టారు. ఐదు రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దగా, నల్లటి రెక్కలతో, చుట్టూ తెల్లటి గుడ్డ కుట్టి ఉంది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది, లోపల రెక్కలు టిక్కుమన్నాయి. రాత్రిళ్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ చప్పుడు వినిపిస్తుందని, అలవాటవుతుందని ఆయన ముందే చెప్పారు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం పెర్‌ఫ్యూజనిస్టు మా గదికి వచ్చారు. గుండెను ఆపి ఉంచినంతసేపూ రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, తిరిగి శరీరంలోకి పంపే హార్ట్-లంగ్ మిషన్‌ను నడిపేది వీరే. చాలామంది బంధువులకు ఇలాంటి వ్యక్తి ఒకరుంటారన్న సంగతే తెలియదు, నాకూ తెలియదు. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ తొలిసారి ఈ యంత్రం సాయంతో ఒక యువతి గుండెకు విజయవంతంగా ఆపరేషన్ చేశారని, ఆ తర్వాత ఏడేళ్లకు 1960లో ఆల్బర్ట్ స్టార్ మైట్రల్ కవాటం స్థానంలో కృత్రిమ కవాటం అమర్చారని నేను అప్పటికి చదివి ఉన్నాను. నా వృత్తి తెలిశాక ఆ పెర్‌ఫ్యూజనిస్టు కుర్చీ లాక్కుని కూర్చుని, అసలు ప్రమాదం ఎక్కడుందో నాకు అర్థమయ్యే భాషలో వివరించారు.

గుండెకు రక్తం పోకుండా బృహద్ధమనికి క్లాంప్ (బిగించి మూసే పట్టకారు) వేసినప్పుడు గుండె కండరం ఆక్సిజన్ లేకుండా ఉంటుంది. కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అణువులు ఖర్చయిపోతూ, ముక్కలుగా విడిపోతూ, చివరికి హైపోజాంథిన్ అనే పదార్థంగా పేరుకుంటాయి. ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరం నుంచి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఏటా తరగతిలో ఆ పేరు చెబుతూనే ఉన్నాను కానీ, నా చెల్లెలి గుండెలో ఎన్ని ఏ.టి.పి.లు మిగులుతాయన్నది ఆమె ప్రాణానికి లెక్క అవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

కవాటం కుట్టడం పూర్తయ్యాక క్లాంప్ తీస్తారు, ఆకలితో ఉన్న కండరంలోకి ఆక్సిజన్ నిండిన రక్తం ఒక్కసారిగా వస్తుంది. మనబోటివాళ్లం ఇక గండం గడిచిందనుకుంటాం. నష్టంలో గణనీయమైన భాగం జరిగేది ఆ కొద్ది నిమిషాల్లోనేనట. పేరుకున్న హైపోజాంథిన్ ఆక్సీకరణం చెందేటప్పుడు సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పుడుతుంది. రక్తం లేని సమయంలో, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల్లో పేరుకున్న సక్సినేట్ అనే పదార్థం కూడా ఒక్కసారిగా మండి, ఎలక్ట్రాన్లను వెనక్కి నెట్టి మరింత సూపర్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుందని 2014లో వెలువడిన పరిశోధనలు చూపాయి. సూపర్ ఆక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడుతుంది. స్వేచ్ఛగా తిరిగే ఇనుము దొరికితే ఆ పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో, ఎదురైనదానితో చర్యకు దిగేది. దానికి దొరకని అణువు లేదు, కణత్వచంలోని కొవ్వులను తాకితే అవి గొలుసుకట్టుగా చెడుతూ పోతాయి. ఆ చెడుపు ఎంత జరిగిందో రక్తంలోని మలోన్‌డైఆల్డిహైడ్‌ను కొలిచి పరిశోధకులు అంచనా వేస్తారు. ఇటువంటి చురుకైన పదార్థాలు పుట్టే వేగం, వాటిని అణిచే గ్లుటాథయోన్, కాటలేజ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ వంటి రక్షకుల శక్తిని మించిపోయినప్పుడు ఏర్పడే స్థితి ఆక్సిడేటివ్ స్ట్రెస్. రాడికళ్లు అసలే ఉండకూడదన్నది దాని అర్థం కాదు. మన తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులను చంపేది వాటితోనే.

గుండె మీద పడే ఈ భారానికి యంత్రం తన భారాన్నీ జోడిస్తుంది. ప్లాస్టిక్ గొట్టాలను తాకిన రక్తంలో తెల్లకణాలు శత్రువును చూసినట్టు రెచ్చిపోయి సూపర్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. పంపు ఒత్తిడికి, గాయంలోని రక్తాన్ని పీల్చే సక్షన్ గొట్టం రాపిడికి కొన్ని ఎర్రకణాలు చితికి, హిమోగ్లోబిన్ బయటపడి, ఇనుము స్వేచ్ఛగా తిరుగుతుంది. అంటే హైడ్రాక్సిల్ రాడికల్‌కు కావలసిన సరంజామా అంతా అక్కడే సిద్ధంగా ఉంటుంది.

అయితే మీరేం చేస్తారని అడిగాను. దానికి ఆయన చెప్పిన జవాబులో ఏ మందు పేరూ గొప్పగా వినిపించలేదు. పొటాషియం కలిపిన చల్లని కార్డియోప్లీజియా ద్రావణంతో గుండెను ఆపి, దాని అవసరాలను అతి తక్కువకు దించుతారు. ఆ ద్రావణాన్ని రోగి రక్తంతోనే కలిపి ఇవ్వడం వల్ల ఎర్రకణాల్లోని కాటలేజ్ వంటి ఎంజైములు కండరానికి తోడుంటాయి. యంత్రం నింపే ద్రవంలో మానిటాల్ కలుపుతారు, దానికి హైడ్రాక్సిల్ రాడికళ్లను పట్టుకునే గుణం కూడా ఉంది. రక్తంలో ఆక్సిజన్ అవసరానికి మించి పెరగకుండా గంట గంటకూ కాదు, నిమిష నిమిషానికీ చూస్తారు. సక్షన్ వీలైనంత తక్కువ వాడతారు. క్లాంప్ తీసే ముందు గోరువెచ్చని రక్తపు ద్రావణాన్ని ఒకసారి పంపి, కండరాన్ని నెమ్మదిగా నిద్రలేపుతారు. “అన్నిటికంటే పెద్ద మందు గడియారం మేడమ్. క్లాంప్ ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది” అన్నారు. గోడ గడియారం వైపు కాకుండా తన చేతివేళ్ల వైపు చూసుకుంటూ ఆ మాట అనడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు తీసుకువెళ్లారు. స్ట్రెచర్ తోసే ఆయమ్మ చెల్లెలి జడను టోపీలోకి సర్దుతూ “భయం నేదమ్మా, నేనే మళ్లా తీసుకొస్తాను” అంది. మధ్యాహ్నం ఒంటిగంటకు సర్జన్ గారు బయటికి వచ్చి, ముసుగు మెడ మీదకు దించుకుని, ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నేను అడగకుండానే పెర్‌ఫ్యూజనిస్టు తన షీటు చూపించారు: క్లాంప్ 58 నిమిషాలు, యంత్రం మీద 84 నిమిషాలు. తమ పనికి ఎదురుగా అంకెలు పెట్టి బంధువుకు చూపించే ఆసుపత్రిని నేను ఇంతవరకు చూడలేదు. ఎవరైనా కవాటం ఆపరేషన్‌కు వెళితే ఆ రెండు అంకెలనూ అడగమని మనస్ఫూర్తిగా చెబుతాను. మంచి బృందం వాటిని దాచదు.

ఐ.సి.యు. గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నర్సులు తగినంతమంది ఉన్నారు, చేతులు కడుక్కోకుండా ఎవరూ రోగిని ముట్టుకోలేదు, బంధువులకు రోజుకు రెండుసార్లు సమాచారం చెప్పారు. వెయిటింగ్ హాలులో ముప్పైమందికి పన్నెండు కుర్చీలు, ఒకే మరుగుదొడ్డి. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ముసలివాళ్లు దుప్పటి పరుచుకుని మెట్ల కింద పడుకోవలసి వచ్చింది. ఇంత ఖర్చు వసూలు చేసేచోట అది క్షమించరాని విషయం.

మూడో రోజు రాత్రి చెల్లెలి గుండె లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. కవాటం ఆపరేషన్ తర్వాత దాదాపు మూడింట ఒకరికి ఇది వస్తుందని, సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య వస్తుందని ముందే చెప్పి ఉండడంతో నేను కంగారు పడినా కుప్పకూలలేదు. ఆపరేషన్ నాటి వాపు, ఆక్సీకరణ నష్టం కూడా దీనికి కారణాల్లో ఉన్నాయని భావిస్తారు. అందుకే విటమిన్-సి, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్, చేపనూనె వంటివి ఇచ్చి దాన్ని ఆపగలమా అని ఎన్నో ప్రయోగాలు జరిగాయి. విటమిన్-సి విషయంలో చిన్న ప్రయోగాలు కొన్ని ఆశ కలిగించాయి కానీ ఫలితాలన్నీ ఒకే తీరుగా లేవు. చేపనూనెపై 1,516 మందితో జరిపి 2012లో ప్రచురించిన ఒపెరా అనే పెద్ద ప్రయోగంలో ప్రయోజనం కనిపించలేదు. డ్యూటీ డాక్టరు గారిని ఆ రాత్రి ఇదే అడిగితే, “నమ్మకం కుదిరేంత ఆధారం ఉంటే ముందు మేమే ఇస్తాం కదమ్మా” అన్నారు. గుండె లయను సరిచేసే ఎమియోడరోన్ మొదలుపెట్టారు, తెల్లవారేసరికి లయ కుదిరింది. ఆ మందు, రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ ప్రభావాన్ని పెంచుతుంది కనుక అదే పూట ఎసిట్రోమ్ మోతాదు తగ్గించి, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే ఐ.ఎన్.ఆర్. పరీక్ష రోజూ చేయించారు. ఒక మందు ఇంకొకదాన్ని ఏం చేస్తుందన్న ఎరుక ఆ వార్డులో అంత నిక్కచ్చిగా ఉంది.

సరిగ్గా ఈ ఎరుకే కింది అంతస్తులో లేదు. డిశ్చార్జి రోజున మందుల కౌంటరులోని యువకుడు చీటీలోని మందులన్నీ పెట్టి, వాటితోపాటు ఒక తెల్లటి సీసా కూడా సంచిలో వేశాడు. ఇదేమిటని అడిగితే, “యాంటీ ఆక్సిడెంట్ మేడమ్. వాల్వు ఆపరేషన్ అయినవాళ్లకు ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువుంటుంది. మన వైజాగ్ గాలికి కిటికీ గ్రిల్ తుప్పు పట్టినట్టు లోపల గుండె తుప్పు పడుతుంది, మూడు నెలలు వాడాలి” అన్నాడు. ముప్పై మాత్రల ధర 1,140 రూపాయలు. మూడు సీసాల బిల్లు అప్పటికే కొట్టి ఉంది. పక్కన నిలబడ్డ మరో రోగి కొడుకు ఏమీ అడగకుండా డబ్బు కట్టేశాడు. తండ్రి గుండె తుప్పు పడుతుందంటే ఎవరు మాత్రం ఆగి ఆలోచిస్తారు?

నేను ఆ సీసాను వెలుతురులోకి తీసుకువెళ్లి, కళ్లద్దాలు పైకి తోసి, దాని మీది లేబుల్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాను. లైకోపీన్, సెలీనియం, జింక్, గ్రీన్ టీ సారం, 400 యూనిట్ల విటమిన్-ఇ. చివరి వరుసలో, చీమతలకాయంత అక్షరాల్లో, విటమిన్-కె2 45 మైక్రోగ్రాములు. చదివి నా కాళ్లు వణికాయి. యాంత్రిక కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ చేసే పని అంతా విటమిన్-కెను అడ్డుకోవడమే. రోజూ ఆ విటమిన్‌నే మాత్రగా మింగితే మందు బలం తగ్గి, ఐ.ఎన్.ఆర్. పడిపోయి, కవాటం రెక్క దగ్గర గడ్డ ఏర్పడితే పక్షవాతం రావచ్చు, కవాటమే బిగుసుకుపోవచ్చు. అదే సీసాలోని విటమిన్-ఇ అంత మోతాదులో రక్తస్రావాన్ని పెంచే వైపు లాగవచ్చు. ఒకే మాత్రలో రెండు ఎదురు దిక్కులు. మైట్రల్ స్థానంలోని యాంత్రిక కవాటానికి ఐ.ఎన్.ఆర్. 2.5కూ 3.5కూ మధ్య ఉంచాలని పై అంతస్తులో పది రోజులు మాకు నూరిపోశారు.

తుప్పు పోలిక గురించి కూడా ఉపాధ్యాయురాలిగా నేను చెప్పవలసింది ఉంది. ఉప్పుగాలికి గ్రిల్ తుప్పు పట్టడమూ ఆక్సీకరణమే, కాదనను. కానీ గ్రిల్‌కు ఆ గాలి ఏళ్ల తరబడి తగులుతుంది, పైన రంగు వేస్తే ఆగుతుంది. శస్త్రచికిత్సలో పుట్టే రాడికళ్ల ఉప్పెన క్లాంప్ తీసిన నిమిషాలు, గంటల్లో వచ్చిపోయేది. దాన్ని ఎదుర్కోవలసిన సమయం థియేటరులో గడిచిపోయింది, ఆ పని చేయవలసినవారు బాగానే చేశారు. పది రోజుల తర్వాత మింగే మాత్ర ఆ 58 నిమిషాలను వెనక్కి తిప్పి సరిచేయలేదు. శరీరంలో ఆ తర్వాత మిగిలే వాపుకైనా ఈ మాత్ర పనిచేస్తుందన్న గట్టి ఆధారం నాకు కనిపించలేదు.

సీసా పట్టుకుని మళ్లీ పై అంతస్తుకు వెళ్లాను. ఓ.పి. మధ్యలో సర్జన్ గారు సీసా మీది లేబుల్ చదివి, రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత బిల్లు మీద ఆ వరుసను పెన్నుతో అడ్డంగా కొట్టి, సంతకం పెట్టి, ఫార్మసీ ఇన్‌చార్జిని పైకి పిలిపించారు. ఇది తన చీటీలో లేదని, కవాటం రోగులకు ఎవరికీ ఇవ్వకూడదని నా ఎదుటే చెప్పారు. డబ్బు అరగంటలో వెనక్కి వచ్చింది. ఆయన తీరు నాకు గౌరవం కలిగించింది. అయినా చీటీలో లేని వస్తువు కౌంటరు దగ్గర సంచిలోకి ఎలా వచ్చింది, అప్పటికి ఎన్ని సంచుల్లో వెళ్లింది అన్న ప్రశ్నలకు రాతపూర్వక జవాబు నాకు ఇంకా అందలేదు. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు చదవలేని అక్క అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

డిశ్చార్జి వేళ ఆహారం గురించి డైటీషియన్ చెప్పినవి మాత్రం ఎంతో పనికొచ్చాయి. తోటకూర, పాలకూర, మునగాకు మానేయమని భయపెట్టలేదు. వారానికి ఎంత తింటున్నారో అంతే తినండి, ఒక వారం అసలు మానేసి మరో వారం రోజూ తినకండి అన్నారు. మా ఇంట్లో ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో ఆకుకూర, కొలతకు అదే స్టీలు గిన్నె. జామకాయ, నారింజ, టమాటా, ఉసిరి వంటివి మితంగా తినవచ్చన్నారు. యాంటీ ఆక్సిడెంట్లు కావాలంటే రైతుబజారులోనే దొరుకుతాయి, వాటి కోసం సీసా అక్కరలేదు. పన్ను పీకించుకునే ముందు తప్పనిసరిగా యాంటీబయాటిక్ వేసుకోవాలని ఒక కార్డు మీద తెలుగులో రాసిచ్చారు, ఆమె దాన్ని పర్సులో పెట్టుకుంది.

మొత్తం ఖర్చు 3,85,000 రూపాయలు అయింది, ముందు చెప్పిన అంచనాకు పదివేలు మించలేదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారు ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద కవాటం మార్పిడి చేయించుకోవచ్చు కనుక, చేరే ముందే ఆరోగ్యమిత్ర దగ్గర అడిగి తెలుసుకోవాలి. మాకు ఆ అర్హత లేదు.

ఆ థియేటరు బృందం దగ్గరికి ఎవరినైనా నమ్మకంగా పంపుతాను, ఇప్పటికే మా కాలేజీ అటెండరు భార్యను పంపాను. పంపేటప్పుడు ఆమెకు రెండు మాటలు చెప్పాను: క్లాంప్ ఎంతసేపు ఉందో అడుగు, కౌంటరులో డాక్టరు చీటీలో ఉన్న మందులే తీసుకో. చెల్లెలు మూడో నెల నుంచి మళ్లీ తన కుట్టుమిషను ముందు కూర్చుంటోంది. నిన్నటి ఐ.ఎన్.ఆర్. 2.9. రాత్రి పడుకున్నప్పుడు పక్కనే ఉన్న చిన్నది “అమ్మా, నీ గడియారం వినిపిస్తోంది” అని ఆమె ఛాతీ మీద చెవి పెట్టుకుని నిద్రపోతుందట.